కారులో నీళ్లు చేరుతున్నాయా? సిలికాన్ ట్యూబు పక్కన పెట్టండి

మ్యాటు కింద తడి, తలుపు తీయగానే ముక్కిన వాసన, పొద్దున్నే అద్దాలకు లోపలివైపు ఆవిరి. ఇవి కనబడగానే చాలామంది సందు దొరికిన చోటల్లా సిలికాన్ పూసేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. నీళ్లు దూరేది ఒకచోట, తేలేది ఇంకోచోట. అవి ఏ నీళ్లో, ఎప్పుడొస్తున్నాయో ముందు తేల్చుకోండి.

వాన లేకున్నా తడి, ఏసీ వేసినప్పుడే వస్తోందా?
ఏసీ నీళ్లు బండి కింద కారాలి. కింద చుక్క పడకుండా డాష్‌బోర్డు కింద కార్పెట్ తడుస్తుంటే డ్రెయిన్ పైపు పూడుకున్నట్టే. కింద నుంచి మెత్తటి నైలాన్ తీగతో నెమ్మదిగా కదపండి.

తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉందా?
అది కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం. డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్ (క్యాబిన్‌కు వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతోంది. ఆలస్యం చేస్తే ఇంజిన్ వేడెక్కిపోతుంది, మెకానిక్‌కు చూపించండి.

వాన పడితేనే వస్తోందా?
వైపర్ల కింది గ్రిల్‌లో ఆకులు పేరుకుంటే నీళ్లు పొంగి క్యాబిన్‌లోకి వస్తాయి. ముందు అది శుభ్రం చేయండి. సన్‌రూఫ్ ఉంటే దాని మూలల్లో ఉండే డ్రెయిన్ రంధ్రాల్లో కొంచెం నీళ్లు పోసి, కిందికి దిగుతున్నాయేమో చూడండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు, లోపల గొట్టం ఊడొస్తుంది.

ఎక్కువమంది పొరబడేది డోర్ దగ్గర. అద్దం పక్క నుంచి వాన నీళ్లు డోర్ లోపలికి దిగడం మామూలే, అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోతాయి. అవి మట్టితో మూసుకున్నా, ట్రిమ్ (డోర్ లోపలివైపు ప్యానెల్) వెనకాల అంటించిన ప్లాస్టిక్ షీటు ఊడినా నీళ్లు కార్పెట్ మీదికే వస్తాయి. డోర్ రబ్బరు మార్చినా ఇది ఆగదు. షీటును బ్యూటైల్ టేపుతో (జిగురు రబ్బరు టేపు) మళ్లీ అంటించాలి.

డిక్కీలో స్టెప్నీ గుంట నిండుతుంటే టెయిల్ లైటు గ్యాస్కెట్లు (లైటు చుట్టూ నీళ్లు రాకుండా ఉండే సీళ్లు) చూడండి.

ఏదీ తేలకపోతే ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు పైపుతో సన్నగా నీళ్లు పట్టాలి. కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కోచోట కొన్ని నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లాలి. పై నుంచి మొదలెడితే అన్నీ తడిసి ఏదీ తెలియదు.

లీకు ఆగాక కార్పెట్ ఎత్తి చూడండి. పైన ఆరినట్టున్నా కింది ఫోమ్ నీళ్లు పట్టుకునే ఉంటుంది. అక్కడే వైరింగ్ కూడా వెళ్తుంది, కనెక్టర్లకు చిలుము పట్టిందేమో చూసి, ఫోమ్ పూర్తిగా ఆరాకే కార్పెట్ పరవండి.