రాళ్ళ చదువు – 4వ పాఠం: నెఫెలిన్‌ని గుర్తుపట్టడం

పోయిన పాఠంలో ఖొండలైట్‌కీ చార్నొకైట్‌కీ తేడా చూశాం. కోరాపుట్, జయపురం వైపు ఉన్న మనవాళ్ళకి ఆ రెండూ గుమ్మం దిగితే దొరికే రాళ్ళే. ఇవాళ్టిది కాస్త అరుదు: నెఫెలిన్ సయనైట్, అంటే నెఫెలిన్ అనే ఖనిజం గింజలున్న రాయి. కోరాపుట్ దగ్గర ఒక చోట ఉంది. శబరి గోదావరిలో కలిసే కూనవరం దగ్గర ఇంకొకటి, నువాపడా జిల్లా ఖరియార్ దగ్గర మరొకటి. మూడూ తూర్పు కనుమల పడమటి అంచు వైపే ఉన్నాయి. పూర్వం అక్కడ ఖండం చీలినప్పుడు లోపలి నుంచి చొచ్చుకొచ్చి గట్టిపడిన మాగ్మా (కరిగిన రాతి ద్రవం) ఇది అని చాలామంది భూశాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఈ మాగ్మాలో సోడియం, పొటాషియం ఎక్కువ, సిలికా తక్కువ. పంక్తి భోజనం అనుకోండి. ఒక్కో సోడియానికి మూడు ముద్దల సిలికా అందితే అల్బైట్ అవుతుంది; ఫెల్స్‌పార్ అనే ఖనిజాల కుటుంబంలో ఇదొకటి. ఒక్క ముద్దే దొరికితే నెఫెలిన్. అందరూ తిన్నాక అన్నం మిగిలితే, ఆ మిగిలిందే క్వార్ట్జ్, మన పలుగురాయి. ఒక పక్క ఆకలితో ఉన్నవాడుండగా గుండిగలో అన్నం మిగలదు కదా! అందుకే మాగ్మా నుంచి గట్టిపడిన ఒకే రాయిలో నెఫెలిన్, క్వార్ట్జ్ పక్కపక్కన ఉండవు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

ఇక చేతిపని. రాయిని పగలగొట్టి, కొత్త ముఖాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పండి. అద్దం ముక్కలా తళుక్కుమనేవి ఫెల్స్‌పార్. తళుక్కుమనకుండా, నూనె చెయ్యి తగిలినట్టు జిడ్డుగా బూడిదరంగులో ఉన్నవి నెఫెలిన్ కావచ్చు, క్వార్ట్జ్ కావచ్చు. నేను మోసపోయింది ఇక్కడే. చార్నొకైట్‌లోని క్వార్ట్జ్ కూడా నీలి బూడిదరంగులో అచ్చం అలాగే జిడ్డుగా ఉంటుంది. సంచీ నిండా మోసుకొచ్చి, ఇంట్లో చూసుకుంటే అన్నీ చార్నొకైటే!

తేల్చుకోవడానికి ఒక పలుగురాయి మొన తీసుకుని ఆ గింజ మీద గట్టిగా గీయండి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలతలో నెఫెలిన్‌ది 5.5 నుంచి 6, క్వార్ట్జ్‌ది 7. గీత పడితే నెఫెలిన్ అయ్యే అవకాశం ఉంది. పడకపోతే క్వార్ట్జే, రాయిని అక్కడే వదిలేయండి. గీశాక వేలితో తుడిచి చూడాలి సుమా; ఒక్కోసారి అది గీత కాదు, మొన నుంచి రాలిన పొడి.

నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు మాత్రం పాత ముఖమే. సుత్తి తగలని, ఏళ్ళ తరబడి వాన తిన్న వైపు చూడండి. నెఫెలిన్ త్వరగా కరిగిపోయి గుంటలు పడతాయి, చుట్టూ ఫెల్స్‌పార్ ఉబ్బెత్తుగా నిలబడుతుంది. క్వార్ట్జ్ ఉన్న రాయిలో దీనికి తలకిందులు: క్వార్ట్జ్ గింజలే పైకి పొడుచుకొస్తాయి. సాయంత్రం ఏటవాలు ఎండలో గెడ్డ ఒడ్డు బండల మీద ఇది బాగా తెలుస్తుంది.

గాజు, పింగాణీ పనివాళ్ళకి ఈ రాయి కావాలి. ఇందులోని సోడియం, పొటాషియం వల్ల మిశ్రమం తక్కువ వేడికే కరుగుతుంది, అల్యూమినా గాజుకి బలం ఇస్తుంది. ఇనుము ఎక్కువుంటే మాత్రం గాజుకి ఆకుపచ్చ రంగు వచ్చేస్తుంది. కాబట్టి ఇనుము ఉండే నల్ల గింజలు ఎన్ని ఉన్నాయో కూడా మీ నోటుబుక్కులో రాసుకోండి.

వచ్చే పాఠానికి అరచేతిలో పట్టే ముక్క ఒకటి, పాత ముఖం చెడకుండా, సిద్ధం చేసుకోండి. అందులో జిర్కాన్ అనే ఖనిజాన్ని వెతుకుదాం.