చేతులు సరే, కాళ్లే మాట వినవు: బాఖ్ ‘ఆర్గెల్‌బ్యూష్‌లైన్’ సాధనలో చిక్కులు

‘ఆర్గెల్‌బ్యూష్‌లైన్’ అంటే ఆర్గన్ కోసం బాఖ్ రాసిన చిన్న పుస్తకం. ఇందులోవి లూథరన్ చర్చిలో అందరూ కలిసి పాడే కోరాల్ కీర్తనల మీద అల్లిన చిన్న ప్రెల్యూడ్‌లు. చాలావరకు బాఖ్ వైమార్‌లో ఉన్న రోజుల్లో, అంటే 1708–17 మధ్య రాసినవే. 164 రాయాలనుకుని 46తో ఆపేశాడు. ఒక్కోటి ఒకటి రెండు పేజీలే. చిన్నవి కదా అని మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

సమస్య: చేతులతో బాగానే వస్తుంది, పెడల్ (కాళ్లతో వాయించే మీటల వరుస) కలపగానే అంతా ఆగిపోతుంది.

కారణం పియానో అలవాటు. రెండు చేతులూ కుదిరాక పెడల్ చూద్దామనుకుంటాం. అప్పటికే బాస్ (అన్నిటికంటే కింది స్వరం) తనదేనని ఎడమచెయ్యి అలవాటుపడిపోతుంది. పెడల్ కలిపాక కాలి వెంటే పోతుంది. ఇందులో పెడల్ తప్పనిసరి భాగమని బాఖ్ ముఖపత్రం మీదే రాశాడు.

మొదటి రోజు నుంచే ఎడమచెయ్యి, పెడల్ మాత్రమే వాయించండి. కోరాల్ రాగం నోటితో పాడండి. పాడలేకపోతే కుడిచెయ్యి జోలికి ఇంకా వెళ్లొద్దు. రెండేసి బార్లు, అదీ నెమ్మదిగా. విసుగే, కానీ ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించలేదు. పాదాల వైపు చూడటం కూడా మానేయాలి. నల్ల మీటల మధ్య ఖాళీలను కాలితో తడిమి చోటు గుర్తుపట్టడం అలవాటవుతుంది. పలచని అడుగున్న బూట్లు వేసుకుంటే అది త్వరగా వస్తుంది.

సమస్య: కీర్తనలో ప్రతి పాదం చివరా సంగీతం ఆగి ఆగి నడుస్తుంది.

ఫెర్మాటా గుర్తు (స్వరం మీద చుక్కతో ఉండే చిన్న విల్లు, మామూలుగా ఆగమని చెప్పేది) చూసి ఆగిపోతున్నారన్నమాట. ఇక్కడ అది కీర్తన పాదం ముగిసిందని చెప్పే గుర్తు. లోపలి స్వరాలు నడుస్తూనే ఉంటే మీరూ నడవండి. పై స్వరాన్ని ఊపిరి తీసుకున్నంతసేపు వదిలితే చాలు.

సమస్య: పెద్ద హాల్లో అంతా కలిసిపోయి ముద్దగా వినిపిస్తుంది.

ఆర్గన్‌లో మీటను గట్టిగా నొక్కినంత మాత్రాన స్వరం ముందుకు రాదు. స్పష్టత అంతా మీటను ఎప్పుడు వదిలారన్న దానిలోనే ఉంది. ఒకే స్వరం వరుసగా వస్తే మొదటిదాన్ని సగంలోనే వదిలేయండి. ప్రతిధ్వని ఎక్కువుంటే ఇంకా ముందే. కన్సోల్ (వాయించేవాళ్లు కూర్చునే చోటు) దగ్గర ఇది తెలియదు, వెనక వరుసలో ఒకరిని కూర్చోబెట్టి అడగాలి. రాగం వినిపించడం లేదని ప్రతిదానికీ వేరే మాన్యువల్ (చేతులతో వాయించే మీటల వరుస) మీద సోలో స్టాప్ (ఏ గొట్టాలు పలకాలో ఎంచుకునే మీట) పెట్టడం నాకు నచ్చదు. బాఖ్ రచనల జాబితా (BWV)లో 622, 639 సంఖ్యలున్న వాటివంటి వాటికి రెండు మాన్యువళ్లని బాఖే రాశాడు. అలా రాయని చోట లోపలి స్వరాలను తేలిక చేస్తే రాగం దానంతటదే పైకి వస్తుంది.

సమస్య: 608లో పెడల్ స్వరం మీ పెడల్‌బోర్డు దాటిపోతోంది.

పెడల్‌కు 4 అడుగుల స్టాప్ (ఒక స్థాయి పైన పలికేది) పెట్టి, ఒక స్థాయి కింద వాయించండి. రాసిన ఎత్తులోనే పలుకుతుంది.

సమస్య: కొత్త ఆర్గన్ మీద వేగం తగ్గిపోతుంది.

గొట్టాలు కన్సోల్‌కు దూరంగా ఉంటే ధ్వని ఆలస్యంగా చేరుతుంది. మనం దానికోసం ఆగుతాం, అది ఇంకా వెనకబడుతుంది. చెవిని కాదు, వేళ్లను నమ్మండి.

సమస్య: కచేరీలో వాయించే సమయం కంటే స్టాపులు మార్చే సమయమే ఎక్కువ.

మూడు నాలుగు ముక్కలను ఒకే రిజిస్ట్రేషన్‌కు (స్టాపుల ఎంపికకు) దగ్గరగా ఉండేలా ఎంచుకోండి. పుస్తకం వరుసే అడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందు వారాలు), క్రిస్మస్, శ్రమల కాలం, ఈస్టర్‌గా నడుస్తుంది కాబట్టి ఒక కాలం నుంచి తీసుకుంటే పని సులువు. సహాయకుడు ఉంటే మార్పులన్నీ కాగితం మీద రాసివ్వండి. ఆఖరి స్వరం హాల్లో పూర్తిగా ఆగేవరకు స్టాప్ ముట్టుకోవద్దని చెప్పండి. పాత మెకానికల్ ఆర్గన్ల మీద ఆ చప్పుడు వెనక బెంచీ దాకా వినపడుతుంది.