ఊరేగింపుల రోజులకు ముందు: ఆత్మరక్షణలో పట్టుకు, దెబ్బకు ఎంతెంత చోటివ్వాలి?

ఆషాఢమాసపు బోనాలతో మొదలుకొని వినాయక నిమజ్జనాలు, దసరా, సంక్రాంతి కోడిపందేల దాకా మన ఊళ్లలో జనం ఒకరినొకరు ఒరుసుకుంటూ నడిచే రోజులు వరుసగా వస్తాయి. ఆ రోజులలో తోపులాటలు జరుగుతాయి, తాగినవారు ఎదురవుతారు, పొద్దుపోయాక ఒంటరిగా ఇల్లు చేరవలసి వస్తుంది. అందుకని ముందుగానే ఆత్మరక్షణ నేర్చుకోవాలనుకునేవారు, పిల్లలకు నేర్పించాలనుకునే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. కుస్తీ, జూడో, జుజుట్సు వంటి పట్టువిద్యలు మేలా, బాక్సింగ్, కరాటే వంటి దెబ్బవిద్యలు మేలా?

పట్టువిద్యకే మొదటి చోటు ఇవ్వాలని నా నిశ్చితాభిప్రాయం. అయితే ఎదుటివాడిని నేలమీద అదిమి లొంగదీసే విద్యను ఉద్దేశించి ఈ మాట చెప్పడం లేదు. పట్టు విడిపించుకోవడం, తోసినా కాళ్లమీద నిలదొక్కుకోవడం, పడక తప్పనప్పుడు తలకు దెబ్బ తగలకుండా పడటం, పడిన వెంటనే లేవడం అనే నాలుగింటినీ ఉద్దేశించి చెబుతున్నాను. పోటీలలో గెలిపించే పట్లు వేరు, వీధిలో ప్రాణం కాపాడే పట్లు వేరు. ఈ తేడా తెలియకుండా సాధన చేసినవారు లేని ధైర్యం తెచ్చుకొని అపాయంలో పడతారు.

వీధి గొడవ సాధారణంగా దూరం నుంచి గుద్దుతో మొదలవదు. మాటా మాటా పెరిగి, వేలు చూపించి, ఛాతీమీద చేయి వేసి నెట్టి, చివరకు చొక్కా కాలరు పట్టుకుంటారు. ఆడవారి విషయంలో ముంజేయి, జుట్టు, చున్నీ పట్టి లాగడమే మొదటి చర్యగా ఉంటుంది. నిమజ్జనపు గుంపులో చేయి వెనక్కి తీసి కొట్టడానికి జాగా ఉండదు, కాలెత్తితే నిలకడ పోతుంది. కాబట్టి మొదటి క్షణంలో మీకు కావలసింది పట్టును అర్థం చేసుకునే తెలివి.

ముంజేయి పట్టుకున్నప్పుడు ఎదుటివాడి బొటనవేలికి, మిగిలిన వేళ్ల కొసలకు మధ్య ఉండే సందే అతని పట్టులో బలహీనమైన చోటు. చేతిని నేరుగా వెనక్కి లాగితే బలంతో బలం పోటీపడుతుంది. మోచేతిని అతనివైపు జరిపి, మణికట్టు సన్నని అంచును ఆ సందువైపు తిప్పి గుంజితే తనకన్నా బలవంతుడి పట్టు కూడా విడిపోయే అవకాశం ఉంది. కాలరు పట్టుకున్నవాడి చేతిని మీ రెండు చేతులతో మీ ఛాతీకే అదిమి, గడ్డం దించి, పక్కకు తిరగాలి. జుట్టు పట్టుకుంటే ఆ చేతిని మీ తలకే గట్టిగా నొక్కి ఉంచి, లాగినవైపే ఒక అడుగు వేయాలి. దూరంగా గుంజుకుంటే నొప్పీ పెరుగుతుంది, మెడా దెబ్బతింటుంది. వెనకనుంచి వాటేసుకుంటే కాళ్లు ఎడంగా పెట్టి నడుము కిందికి దించాలి, అప్పుడు మిమ్మల్ని ఎత్తడం కష్టమవుతుంది. వీటిని చదివి గుర్తుపెట్టుకుంటే చాలదు. నిజంగా బలం పెట్టి పట్టుకునే జోడీతో, వారాల తరబడి, అలసిపోయిన తరువాత కూడా చేసి చూడాలి. జోడీ మర్యాదకు వదిలేసే సాధనలో ప్రతి పట్టూ విడిపోతుంది, వీధిలో మాత్రం విడిపోదు.

ఊరేగింపుకు వెళ్లేటప్పుడు చెప్పులకు బదులు మడమను పట్టి ఉంచే బూట్లు వేసుకోవడం, చున్నీని మెడచుట్టూ చుట్టుకోకుండా పిన్నుతో భుజానికి పెట్టుకోవడం, మెడలో బరువైన గొలుసులు లేకుండా చూసుకోవడం చిన్న విషయాలుగా కనిపిస్తాయి గాని, పట్టుకోవడానికి ఎదుటివాడికి ఏమీ ఇవ్వకపోవడం కూడా పట్టువిద్యలో భాగమే. గుంపు బిగుసుకుపోతున్నదని అనిపిస్తే రెండు ముంజేతులను ఛాతీకి ముందు అడ్డుగా పెట్టి ఊపిరికి చోటు ఉంచుకోవాలి. జనం వెళ్లేవైపుకు ఎదురు నిలవక, వారితో కదులుతూ ఏటవాలుగా అంచుకు చేరాలి. అక్కడ పడిపోయి లేవలేకపోతే పక్కకు ఒరిగి ముడుచుకొని, చేతులతో తలను కప్పుకోవాలి.

ఇక నేలమీది పోరు గురించి. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో, పట్టువిద్యలవారు, దెబ్బవిద్యలవారు బరువు తరగతులు లేకుండా తలపడిన పోరులో, బ్రెజిల్ జుజుట్సు యోధుడు రాయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసి గెలిచాడు. పట్టువిద్య దెబ్బవిద్యను మించుతుందన్న నమ్మకం ప్రపంచమంతటా బలపడటానికి ఆ రాత్రి పెద్ద కారణం. ఒంటరిగా, చాపమీద, ఆయుధం లేని ఒకే మనిషితో పోరాడేటప్పుడు పట్టు తెలియనివాడు ఎంత నిస్సహాయుడో అది నిజంగానే చూపింది. అయితే కొరకడం, కళ్లలో పొడవడం అక్కడ నిషేధం, ఓడుతున్నవాడి స్నేహితుడు బరిలోకి దూకి తన్నడు. ఆ తరువాత 'నూటికి తొంభై గొడవలు నేలమీదికే వెళతాయి' అన్న మాట శిక్షణశాలల్లో పాకింది. దానికి ఆధారంగా చెప్పే లాస్ ఏంజెలెస్ పోలీసుల 1988 నాటి లెక్కలు అరెస్టులకు సంబంధించినవి. వాటిలో కూడా నేలమీద ముగిసినవి దాదాపు మూడింట రెండు వంతులే. సంకెళ్లు వేయడానికి మనిషిని నేలమీదికి దించడం పోలీసుల పని. మీ పని అక్కడినుంచి వెళ్లిపోవడం.

మన వీధుల్లో నేల అంటే సిమెంటు, కంకర, డివైడరు అంచు, పగిలిన సీసా ముక్క. ఒకడిని మీరు కింద అదిమిపట్టి ఉండగా మీ తల రెండోవాడి కాలికి అందే ఎత్తులో ఉంటుంది. కనుక ఎదుటివాడిని కావాలని నేలమీదికి తీసుకువెళ్లకూడదు, తీసుకువెళ్లబడితే ఒక చేయి, ఎదురుకాలు ఆనించి, రెండో చేతితో ముఖాన్ని కాచుకుంటూ లేచే పద్ధతిని వందలసార్లు సాధన చేసి ఉండాలి. నేలమీది విద్య ఎందుకు నేర్చుకోవాలో ఇక్కడ తెలుస్తుంది. కింద పడ్డవారికి, ముఖ్యంగా మీదికి వచ్చినవాడి బరువు కింద చిక్కుకున్న ఆడవారికి, నడుము తిప్పి సందు చేసుకొని బయటపడటం తెలిసి ఉండటమంత అవసరమైనది మరొకటి లేదు.

పడటం నేర్పని శిక్షణశాలను నేను ఎవరికీ సూచించను. 1882లో జిగొరో కానో స్థాపించిన జూడోలో విద్యార్థి ఎదుటివాడిని పడగొట్టే ఎత్తులకన్నా ముందు నేర్చుకునేది తాను పడటమే. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, వీపును గుండ్రంగా చేసి, చాచిన అరచేతిని నేలకు పొడవకుండా పడటం దాని సారం. చేయి చాచి పడితే మణికట్టు గాని, మెడకు భుజానికి మధ్య ఉండే కాలర్ ఎముక గాని విరిగే ప్రమాదం ఉంది. గడ్డం పైకెత్తి వెనక్కి పడితే తల నేలకు కొట్టుకుంటుంది. ఇది గొడవలకే కాక స్నానాల గదిలో జారినప్పుడు కూడా పనికివస్తుంది కాబట్టి, వయసు పైబడినవారు సైతం వైద్యుని సలహాతో మెల్లగా నేర్చుకోదగినది.

దెబ్బవిద్యను తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ చాంపియన్‌గా నిలవడం చూసి కూతురిని బాక్సింగ్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులు తప్పక చేర్చవచ్చు. దెబ్బ వస్తుంటే కళ్లు మూసుకోకపోవడం, తలను కాచుకోవడం, అడుగులతో దూరాన్ని ఉంచుకోవడం బాక్సింగ్ నేర్పినంత బాగా మరేదీ నేర్పదు. ఇద్దరు ముగ్గురు మీదికి వచ్చినప్పుడు ఎవరినీ పట్టుకోకుండా దారి చేసుకొని పరుగెత్తాలి. అప్పుడు దెబ్బదే ముందు స్థానం. కాని పట్టీలు, గ్లవ్స్ లేని పిడికిలి మనిషి పుర్రెకన్నా బలహీనమైనదని మరువకూడదు. 1988లో న్యూయార్క్‌లోని హార్లెంలో జరిగిన వీధి గొడవలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ మైక్ టైసన్ అంతటివాడికే చేతి ఎముక చిట్లింది. అనుభవం లేనివారికి చిటికెనవేలి మూలపు ఎముక విరగడం మరీ సామాన్యం. కొట్టక తప్పనప్పుడు అరచేతి మడమతో కొట్టడం మేలు.

ఒక్క గుద్దు ఎదుటివాడి ప్రాణం తీయగలదని కూడా గుర్తుంచుకోవాలి. స్పృహ తప్పినవాడు చేతులు అడ్డుపెట్టుకోలేడు, తల నేరుగా రోడ్డుకు కొట్టుకుంటుంది. ఇటువంటి మరణాలు వరుసగా జరిగినందువల్లనే ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2014లో ఒక్క గుద్దుతో ప్రాణం తీసే నేరానికి ప్రత్యేక చట్టం చేసింది. పట్టు సైతం సురక్షితమేమీ కాదు. మెడ రెండు పక్కల రక్తనాళాలను నొక్కే పట్టు సుమారు పది సెకన్లలో స్పృహ పోగొడుతుంది, దానిని ఇంకా బిగించి ఉంచితే మెదడుకు శాశ్వత నష్టమో మరణమో కలుగుతుంది. న్యూయార్క్ పోలీసు శాఖ మెడ పట్టును 1993లోనే నిషేధించినా, 2014లో ఒక పోలీసు అధికారి ఆ పట్టు వేయడంతో ఎరిక్ గార్నర్ అనే వ్యక్తి ప్రాణం పోయింది. చాపమీద జోడీ చేత్తో తట్టగానే వదిలే పట్టును వీధిలో భయంతో వణుకుతున్న చేతులు సమయానికి వదులుతాయని నమ్మలేము. దొంగ దొరికాడని బోర్లా పడుకోబెట్టి నలుగురు వీపుమీద కూర్చోవడం మన దగ్గర తరచుగా కనిపించే దృశ్యం. ఊపిరాడక మనిషి చనిపోయేది అలాగే. అటువంటిది చూస్తే అతనిని పక్కకు తిప్పి పడుకోబెట్టమని గట్టిగా చెప్పాలి.

కత్తి విషయంలో పట్టుకు, దెబ్బకు మధ్య ఎంపికే లేదు. సంక్రాంతి పందెం బరుల దగ్గర కోడికాళ్లకు కట్టే కత్తులు, పందెం డబ్బు, మద్యం ఒకేచోట ఉంటాయి. అక్కడ మాట పెరిగితే ఒక్క క్షణం కూడా నిలవకూడదు. గొలుసు లాగేవాడితో, ఫోను అడిగేవాడితో పెనుగులాడకూడదు. కదులుతున్న బైకు వెంట ఈడ్చుకుపోబడటంకన్నా గొలుసు పోవడం నయం.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34నుంచి 44వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును వివరిస్తాయి. 37వ సెక్షన్ ప్రకారం రక్షణకు అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చేయకూడదు. 40వ సెక్షన్ ప్రకారం ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం కలిగినప్పుడు శరీరరక్షణ హక్కు మొదలై, ఆ భయం ఉన్నంతవరకే నిలుస్తుంది. పడిపోయి కదలలేనివాడిని తన్నితే ఆ తన్ను ఆత్మరక్షణ కిందికి రాదు. పట్టు తెలిసినవారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. వారు బలాన్ని అవసరాన్ని బట్టి తగ్గించుకోగలరు, తాగిన బంధువును గాయపరచకుండా ఆపగలరు. అయినా చాపమీద సరదాగా వేసే ఎత్తును సిమెంటుమీద వేస్తే అది తీవ్రమైన దాడే అవుతుంది.

శిక్షణశాల ఎంచుకునేటప్పుడు పేరు చూడకండి, ఒక గంట కూర్చొని సాధన చూడండి. జోడీలు నిజంగా ప్రతిఘటిస్తున్నారా, లొంగుబాటు సూచనగా తట్టగానే వదులుతున్నారా, కొత్తవారిని తమ బరువుకు తగినవారితోనే జోడిస్తున్నారా అన్నవి చూడవలసినవి. కోడి రామ్మూర్తి నాయుడు వంటి మల్లుడిని కన్న నేల మనది. ఊరి గరిడీలో (కసరత్తు శాలలో) గాని, హైదరాబాద్ పాతబస్తీ తాలీంలో (కుస్తీ శాలలో) గాని మంచి వస్తాదు (గురువు) దొరికితే ఖరీదైన అకాడమీని వెతకనక్కరలేదు. వారానికి రెండు మూడు రోజుల చొప్పున కనీసం ఆరు నెలలు పెట్టుకోవాలి. రెండు రోజుల వర్క్‌షాపు అవగాహన కలిగిస్తుంది, నైపుణ్యాన్ని ఇవ్వదు. గోళ్లు తీసుకోవాలి, ఉంగరాలు, గాజులు, చెవిపోగులు తీసివేయాలి. చాపలనుంచి తామర సోకుతుంది కాబట్టి సాధన ముగియగానే స్నానం చేయాలి. వెన్ను, మెడ, గుండె జబ్బులున్నవారు చేరకముందే వైద్యుడికి చూపించుకోవాలి.

గొడవ జరిగిపోతే ముందు వెలుతురున్న చోటికి చేరి 112కు ఫోను చేయాలి. తలకు దెబ్బ తగిలినవారు బాగానే ఉన్నామన్నా ఆ రాత్రి ఒంటరిగా పడుకోకూడదు. వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మగత, మాట తడబాటు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఎదుటివాడి పంటికి తగిలి వేలి కణుపుమీద చిన్న గాటు పడినా తేలికగా తీసుకోకూడదు. నోటిలోని క్రిములు కీలులోకి చేరి చేయి పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది కనుక, దానిని ధారగా పారే నీటితో కడిగి, అదే రోజు వైద్యుడికి చూపించి, అది పంటిగాటు అని దాచకుండా చెప్పాలి.