స్టాక్ గ్రూపులో చేరే ఆడవాళ్ళు ముందు సర్దుకోవాల్సినవి

టెలిగ్రామ్ స్టాక్ గ్రూపులోకి ఆడపేరుతో వెళ్తే రెండు రకాల మర్యాదలు జరుగుతుంటాయి. అందరి ముందు "మీకెందుకు మేడమ్, ఎఫ్‌డీ వేసుకోండి" అనేది ఒకటి. ఇన్‌బాక్స్‌లో "నేను నేర్పిస్తా, ఫీజేం వద్దు" అనేది రెండోది. మొదటిది చిరాకు, రెండోది ప్రమాదం. సొంత పేరు పెట్టుకోవడం, మానడం మీ ఇష్టం. నంబరు మాత్రం బయటపడకూడదు.

సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ తెరిచి, ఫోన్ నంబర్ దగ్గర 'నోబడీ' పెట్టండి. నంబరుతో మిమ్మల్ని ఎవరు వెతకొచ్చు అని దాని కిందే ఇంకోటి ఉంటుంది. అక్కడ 'మై కాంటాక్ట్స్'. దీన్ని వదిలేస్తే, మీ నంబరున్న ప్రతివాళ్ళకీ మీ మారుపేరు దొరికిపోతుంది. ఎవరినైనా కాంటాక్టుగా చేర్చుకునేటప్పుడు 'షేర్ మై ఫోన్ నంబర్' టిక్ తీసేయండి. ఇన్‌స్టాగ్రామ్ యూజర్‌నేమే ఇక్కడా వాడితే ఇంత చేసీ దండగ.

"ఏ షేరు కొనాలి?" అని అడిగితే గాలాలే పడతాయి. ఇలా అడగండి: "ఈ కంపెనీ నా పోర్ట్‌ఫోలియోలో 8 శాతం. లాభం పెరుగుతున్నా ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో తగ్గుతోంది. వసూలు కాని బకాయిలా, పేరుకున్న సరుకా?" ఆపరేటింగ్ క్యాష్ ఫ్లో అంటే వ్యాపారంలోంచి నిజంగా చేతికొచ్చే డబ్బు. దీనికి ఎఫ్‌డీ జవాబు అతకదు. డబ్బు సంగతి శాతాల్లోనే చెప్పండి, రూపాయల్లో వద్దు. స్క్రీన్‌షాట్‌లో క్లయింట్ ఐడీ చెరిపేయండి.

ఆడవాళ్ళకి మార్కెట్ అచ్చిరాదనే పెద్దమనిషి ఒకడు ఎక్కడైనా ఉంటాడు. బార్బర్, ఓడియన్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన అమెరికా ఖాతాల అధ్యయనంలో మగవాళ్ళు 45 శాతం ఎక్కువ ట్రేడ్ చేశారు. ఆ ట్రేడింగ్ వల్ల ఏడాదికి వాళ్ళ రాబడి 2.65 శాతం పాయింట్లు తగ్గితే, ఆడవాళ్ళది 1.72 తగ్గింది.

సలహాదారునంటూ వచ్చినవాళ్ళని సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి: ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కి ఐఎన్ఏ, రీసెర్చ్ అనలిస్ట్‌కి ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. వేరేవాళ్ళ నంబరు అతికించేవాళ్ళూ ఉంటారు కాబట్టి సెబీ సైటులో ఉన్న ఈమెయిల్‌కే రాసి నిర్ధారించుకోండి. మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక ఇంట్లో సంగతి. డీమ్యాట్ (షేర్లు ఉండే ఖాతా) భార్య పేరున, మొబైల్, ఈమెయిల్ భర్తవి అయితే, అమ్మకానికి కావాల్సిన ఓటీపీ ఆయనకే వెళ్తుంది. డీడీపీఐ, అంటే అమ్మిన షేర్లని ఖాతాలోంచి తీసుకోమని బ్రోకర్‌కి ముందే రాసిచ్చే అనుమతి, ఇచ్చి ఉంటే అమ్మేటప్పుడు డిపాజిటరీ (షేర్లని భద్రపరిచే సంస్థ) ఓటీపీ కూడా అడగరు. బ్రోకర్ యాప్ ప్రొఫైల్‌లో రెండూ మీవి పెట్టించుకోండి. నెలవారీ స్టేట్‌మెంట్ కూడా ఆ ఈమెయిల్‌కే వస్తుంది. భర్త ఊరికే ఇచ్చిన డబ్బుతో కొన్న షేర్ల లాభం పన్ను లెక్కలో ఆయన ఆదాయంలోనే కలుస్తుంది, కాబట్టి మీ సొంత సంపాదనతో కొన్నవాటికి వేరే ఖాతా ఉంటే రిటర్న్ వేసేటప్పుడు తేలిక.