పదకొండు కోర్సులతో వెళ్తే తొమ్మిది మిగిలాయి

కాలేజీ మారాలనుకున్నప్పుడు నన్ను తొలిచిన ప్రశ్న ఒక్కటే, సీటు వస్తుందా రాదా అని. వచ్చింది. డిగ్రీలో మూడు సెమిస్టర్లు పూర్తి చేసి ఉన్నాను. అప్పటికి చదివిన పదకొండు కోర్సులనూ అంగీకరిస్తున్నామని కొత్త కాలేజీ ఉత్తరం కూడా పంపింది. దాన్ని ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. చేరిన వారానికి సలహాదారు ఎదుట కూర్చుంటే అసలు సంగతి తెలిసింది. ఏడు కోర్సులు డిగ్రీకి తప్పనిసరైన వాటి కింద చేరాయి. మిగిలిన నాలుగింటినీ ఐచ్ఛికాల్లో వేశారు. నా డిగ్రీకి కావలసిన ఐచ్ఛికాలేమో రెండే. మిగతా రెండూ నా మార్కుల జాబితాలో అలంకారంగా ఉండిపోయాయి.

‘అంగీకరించాం’ అనే మాటకూ ‘డిగ్రీలో లెక్కిస్తాం’ అనే మాటకూ ఇంత దూరం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అందుకే ఎవరైనా కాలేజీ మారతానంటే, డబ్బు కట్టకముందే ఈ రెండు వాక్యాలు ఈమెయిల్‌లో పంపమంటాను: ‘నేను పూర్తి చేసిన ఒక్కొక్క కోర్సూ నా డిగ్రీలో ఏ అవసరం కింద లెక్కకు వస్తుంది? ఇంకా ఎన్ని సెమిస్టర్లు చదవాల్సి ఉంటుంది?’ జవాబు రాతలో ఉండాలి. ఫోనులో ‘ఫర్వాలేదు, చూసుకుంటాం’ అన్నవాళ్లే చేరాక మిమ్మల్ని నిబంధనలు చూసుకోమంటారు.

అలా ఐచ్ఛికాల్లో పడిన నా కోర్సుల్లో ఒకటి గణాంకశాస్త్రం. పాత కాలేజీలో దాని పేరు ‘పరిమాణాత్మక పద్ధతులు’. లోపల సంభావ్యత, రిగ్రెషన్ అన్నీ ఉన్నా, కొత్త చోట పరిశీలించిన వ్యక్తి చేతిలో ఉన్నవి ఆ పేరూ రెండు వాక్యాల వివరణా మాత్రమే. ఆయన తప్పేమీ లేదు. వారాలవారీ పాఠ్యప్రణాళిక, పాఠ్యపుస్తకం పేరు, చదివిన అధ్యాయాలు, తరగతి గంటలు, ప్రయోగశాల గంటలు, ప్రశ్నపత్రాలు నేను మొదటే జతచేయాల్సింది. వాటి కోసం పాత కాలేజీ వెబ్‌సైటు తెరిస్తే నా పాస్‌వర్డు పనిచేయలేదు. పేరు తీసేసిన రోజే ఖాతా మూసేశారు. ఓ స్నేహితురాలు తన దగ్గరున్నవి పంపినా, పునఃపరిశీలన గడువు అప్పటికే దాటిపోయింది. గణాంకశాస్త్రం మళ్లీ చదివాను. మార్కులు బాగానే వచ్చాయి, రాకేం!

కాబట్టి మారాలన్న ఆలోచన కలిగిన రోజే, ఇంకా నిర్ణయం తీసుకోకపోయినా సరే, ప్రతి కోర్సు సిలబస్‌నూ దించుకుని సొంత కంప్యూటర్‌లో దాచుకోండి. ఇదంతా ఒక సాయంత్రం పని.

ఒక్కో కోర్సు బరువును కొలిచే యూనిట్లే క్రెడిట్లు; వాటి అంకెలు చూసి మోసపోకండి. ఐరోపాలోని ఈసీటీఎస్ పద్ధతిలో పూర్తికాలం చదివే ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. అమెరికాలో కొన్ని కాలేజీలు సెమిస్టర్లలో, కొన్ని అంతకన్నా చిన్న విడతలైన క్వార్టర్లలో నడుస్తాయి; ఒక సెమిస్టర్ క్రెడిట్ ఒకటిన్నర క్వార్టర్ క్రెడిట్లకు సమానం. అంటే 4 క్వార్టర్ క్రెడిట్ల కోర్సు సెమిస్టర్ లెక్కలో సుమారు 2.67. అక్కడ కావలసింది 3 అయితే విషయం సరిపోయినా మూడో వంతు క్రెడిట్ తక్కువ పడుతుంది. ఈ చిల్లర పోగై చివరి సెమిస్టర్‌లో ఇంకో కోర్సుగా మీద పడవచ్చు. దాన్ని మాఫీ చేస్తారా అని అడగాలి, కొందరు చేస్తారు.

ఆలస్యంగా మారితే ఇంకో చిక్కుంది. డిగ్రీ ఇచ్చే సంస్థ అందులో కొంత భాగమైనా తన దగ్గరే చదవాలంటుంది. భారతదేశంలో విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (వేర్వేరు సంస్థల్లో సంపాదించిన క్రెడిట్లను జమచేసుకునే ఏర్పాటు) నియమావళి ప్రకారం కనీసం సగం క్రెడిట్లు డిగ్రీ ఇచ్చే సంస్థలోనే సంపాదించాలి. ముప్పావు వంతు చదువు అయ్యాక మారితే, చదివింది ఎంత బాగున్నా కొంత వదులుకోక తప్పదు. నా మట్టుకు రెండో ఏడాది చివరే సరైన సమయం అనిపిస్తుంది. నేను మధ్యలో, నాలుగో సెమిస్టర్‌కు వెళ్లాను. గణాంకశాస్త్రం పూర్తయితే గాని తీసుకోలేని రెండు కోర్సులు ఏడాదికి ఒక్కసారే చెప్పేవారు. నా డిగ్రీ ఒక సెమిస్టర్ ఆలస్యమైంది అందుకే.

గ్రేడ్ల సంగతీ కనుక్కోండి. చాలాచోట్ల క్రెడిట్లే వస్తాయి, గ్రేడ్ పాయింట్లు రావు. సగటు సున్నా నుంచి మొదలవుతుంది. పాత చోట చెడగొట్టుకున్నవారికి ఇది వరం. నాలాంటివాళ్లకు మాత్రం మొదటి సెమిస్టర్‌లో ఒక్క గ్రేడు జారినా సగటు దారుణంగా పడిపోతుంది, దానికి ముడిపెట్టిన స్కాలర్‌షిప్ కూడా. అసలు కొన్ని స్కాలర్‌షిప్‌లు మొదటి ఏడాది చేరినవారికే ఇస్తారు.

దరఖాస్తులో ‘ఎందుకు మారుతున్నారు’ అనే వ్యాసం ఉంటే, పాత కాలేజీ మీద ఫిర్యాదులు రాయకండి. నా మొదటి ప్రతి నిండా అవే. చదివిన మాస్టారు, ‘ఇందులో నువ్వు వదిలే కాలేజీ ఉంది, వెళ్లే కాలేజీ ఏదీ?’ అన్నారు. అక్కడ మాత్రమే దొరికే రెండు కోర్సుల గురించి మళ్లీ రాశాను. సిఫారసు లేఖలు ఎవరిని అడిగినా నెల ముందు అడిగితే చాలు.

మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ సీలు వేసిన కవరులో ఇస్తే దాన్ని తెరవకండి. అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని నేను చక్కగా చింపి చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అది ఇక చెల్లదన్నారు. మళ్లీ డబ్బు కట్టి, రెండు వారాలు ఆగి ఇంకోటి తెప్పించాను. ఒకటి మీ కోసం, ఒకటి పంపడానికి, మొదటే రెండు అడగండి. గ్రంథాలయం బాకీ ఒక్కటున్నా కవరు చేతికి రాకపోవచ్చు.

కొత్త కాలేజీ నుంచి సీటు ఖాయమన్న ఉత్తరం, క్రెడిట్ల లెక్క రెండూ చేతికొచ్చేదాకా పాత చోట పేరు తీయించుకోకండి, టీసీ అడగకండి. తొందరపడితే రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

చేరిన మొదటి వారంలోనే మీ పేరు మీద ఏ కోర్సు ఎక్కడ చేరిందో చూపే జాబితా ముద్రించి తీసుకోండి, కొత్త కాలేజీ ఇచ్చిన ఉత్తరంతో వరుసగా పోల్చండి. నా జాబితాలో భాషా కోర్సు ఒకటి రెండుసార్లు నమోదై, దాని పక్కనే ఉండాల్సిన రసాయనశాస్త్రం కనిపించలేదు. ఉత్తరం పట్టుకెళ్లి చూపిస్తే కార్యాలయంలో పది నిమిషాల్లో సరిచేశారు.