ఇంటర్నెట్‌లో ఉద్యోగాన్వేషణ – మూడవ పాఠం: ప్రకటన పుట్టిన చోటికి చేరడం

గత పాఠంలో మీ చదువునూ, చేయగలిగిన పనులనూ, ఊరు విడిచి ఎంత దూరం వెళ్ళగలరన్నదీ ఒక కాగితం మీద రాసుకున్నారు. ఆ కాగితాన్ని ఇప్పుడు కూడా పక్కన ఉంచుకోండి. ఉద్యోగ ప్రకటనలకు ఇంటర్నెట్‌లో కరవు లేదు. అవి పది చేతులు మారి, ప్రతి చేతిలోనూ కొంత రాలిపోయి, కొంత అతుకుపడి మన ఫోనుకు చేరడమే అసలు చిక్కు. అందుచేత ఈ పాఠంలో ఒకే పని నేర్చుకుందాం: కంటబడిన ప్రకటనను పట్టుకొని, అది మొదట వెలువడిన చోటికి వెళ్ళడం.

వాట్సాప్ గ్రూపుల్లో తరచుగా తిరిగే ఈ మాదిరి సందేశాన్ని గమనించండి: "తపాలా శాఖలో ఉద్యోగాలు, పది పాసైతే చాలు, పరీక్ష లేదు, జీతం 29,380, వెంటనే ఈ లింకు నొక్కండి." పరీక్ష లేదన్న మాట చూడగానే ఇది మోసమని కొట్టిపారేయాలనిపిస్తుంది, కానీ ఆ తీర్పు తొందరపాటు అవుతుంది. గ్రామీణ డాక్ సేవక్ నియామకాలు నిజంగానే రాతపరీక్ష లేకుండా, పదవ తరగతి మార్కుల ఆధారంగా జరుగుతాయి. సందేశంలో వంకర ఉన్నది జీతం దగ్గర. ఈ నియామకాల్లో మూడు రకాల కొలువులుంటాయి. వాటిలో బ్రాంచ్ పోస్ట్‌మాస్టరుకు ఇచ్చే మూల భత్యం 12,000 రూపాయలతో మొదలవుతుంది. 29,380 అన్నది ఆ శ్రేణికి చివరి అంచు. సహాయ బ్రాంచ్ పోస్ట్‌మాస్టరుకూ, డాక్ సేవక్‌కూ అది 10,000 నుంచి 24,470 వరకు మాత్రమే. దీనికి కరవు భత్యం కలుస్తుందన్నది నిజమే, అయినా చేరిన నెలలోనే 29,380 చేతికొస్తుందని లెక్కలు వేసుకున్నవారికి నిరాశ తప్పదు. స్థానిక భాషను పదవ తరగతి దాకా చదివి ఉండాలన్న నిబంధనను కూడా ఈ సందేశం మింగేసింది. అంటే ఇందులో పచ్చి అబద్ధం లేదు, అయినా దీన్ని నమ్ముకొని నిర్ణయం తీసుకోవడానికి వీల్లేదు.

ఇక లింకు సంగతి. ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మెలకువ ఇదే కనుక నిదానంగా చదవండి. వెబ్ చిరునామాలో జంట గీతల తర్వాత మొదలై, మొదటి ఒంటి గీత దగ్గర ఆగే భాగమే ఆ సైటు అసలు పేరు, దాన్ని కుడి చివర నుంచి ఎడమకు చదవాలి. కుడి చివర "డాట్ గవ్ డాట్ ఇన్" ఉంటే అది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే కేటాయించే పేరు. ఉదాహరణకు ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ చిరునామా "పీఎస్‌సీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తుంది. అదే "ఇండియాపోస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ అప్లై డాట్ కామ్" అనే చిరునామా ఎదురైందనుకోండి (ఇది నేను కల్పించిన ఉదాహరణ), మధ్యలో గవ్ డాట్ ఇన్ కనిపిస్తున్నా కుడి చివర ఉన్నది వేరే ఎవరిదో డాట్ కామ్. గవ్ అన్న మాట కనబడగానే తృప్తిపడి ఆగిపోయే కన్ను ఇక్కడే మోసపోతుంది.

అయితే ఈ గుర్తు లేనివన్నీ దొంగవని అనుకోకూడదు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ చిరునామా కేవలం "డాట్ ఇన్"తో ముగుస్తుంది. బ్యాంకులు 2025 అక్టోబరు 31 లోపు "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. సిద్ధమైన లింకులు దాచుకోవడమూ నమ్మదగిన అలవాటు కాదు: స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో కొత్త చిరునామాకు మారింది, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ పొట్టిపేరులోని టీఎస్ కూడా అదే ఏడాది టీజీ అయింది.

ప్రైవేటు ఉద్యోగాలకు మూలం సంస్థ సొంత వెబ్‌సైటులోని "కెరీర్స్" పుట. 1997లో మొదలైన నౌకరీ, 2003లో వచ్చిన లింక్డిన్ వంటివి సంతలాంటివి. సరుకు చూడడానికి అక్కడికి వెళ్ళవలసిందే, కానీ ఒకే ఖాళీని నాలుగు కన్సల్టెన్సీలు నాలుగు పేర్లతో పెట్టి ఉండవచ్చు. ప్రకటనలోని పని వివరణ నుంచి, మామూలుగా ఎవరూ రాయని ఒక వాక్యాన్ని కాపీ చేసి, దానికి ముందూ వెనుకా కొటేషన్ గుర్తులు పెట్టి గూగుల్‌లో వెతికితే, అదే వాక్యం ఉన్న ఇతర పుటలు బయటపడతాయి, చాలాసార్లు వాటిలో సంస్థ సొంత పుట కూడా ఉంటుంది. అక్కడ ఆ ఖాళీ లేకపోతే అది భర్తీ అయిపోయి ఉండవచ్చు, లేదా రెజ్యూమేలు పోగుచేసుకోవడానికే ఎవరో ప్రకటనను వదిలేసి ఉండవచ్చు. నేను ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఈ పని చేయక, ఎప్పుడో భర్తీ అయిన ఒక ఖాళీ కోసం రెండు బస్సులు మారి వెళ్ళి, గేటు దగ్గర వాచ్‌మన్ నోట ఆ సంగతి విని తిరిగివచ్చాను.

వెతికే మాటను కూడా మార్చి మార్చి చూడాలి. విజయవాడలో లెక్కలు రాసే పని కోరుకునే బీకాం పట్టభద్రురాలు "అకౌంటెంట్" అని మాత్రమే వెతికితే "అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్", "ట్యాలీ ఆపరేటర్", "బిల్లింగ్ అసిస్టెంట్" అనే పేర్లతో ఉన్న ఖాళీలు ఆమె కంటబడవు. ప్రకటన తేదీని గత వారానికి కుదించే వడపోత (ఫిల్టర్) తప్పక వాడండి.

విదేశీ కొలువుల విషయంలో ఈ జాగ్రత్త ప్రాణరక్షణ కూడా. డేటా ఎంట్రీ పని అని నమ్మి కంబోడియా వెళ్ళిన ఉత్తరాంధ్ర యువకులను అక్కడ సైబర్ మోసాలు చేయించే ముఠాలు బంధించిన వైనం 2024లో విశాఖ పోలీసుల దర్యాప్తులో బయటపడింది. ఏజెంటు ఎంత తెలిసినవాడైనా, 1983 నాటి వలస చట్టం కింద అతనికి లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. లైసెన్సు ఉన్నవారు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు కూడా ఈ నియామకాలు చూస్తాయి.

ఈ వారం అభ్యాసానికి, మీ ఫోనుకు ఇప్పటికే వచ్చిన ఉద్యోగ సందేశాల్లో ఐదింటిని తీసుకోండి. ఒక్కొక్కదానికి మూలం దొరికిందా, దొరికితే ప్రకటన సంఖ్య, చివరి తేదీ, వయోపరిమితి, అసలు జీతం ఎంత అన్నవి నోటుబుక్కులో రాయండి. సందేశంలో చెప్పినదానికీ మూలంలో ఉన్నదానికీ తేడా వచ్చిన ప్రతి చోటా ఎర్ర సిరాతో గీత గీయండి. నాలుగవ పాఠాన్ని ఆ ఎర్ర గీతల నుంచే మొదలుపెడతాం.