మూడంతస్తుల ఇంటికి రూటర్ మారుస్తున్నారా?

కొత్త రూటర్ కొనేటప్పుడు ముందు యాంటెన్నాలు లెక్కపెట్టడం మానేయండి. ఎన్ని ఉన్నా కాంక్రీట్ స్లాబ్ ముందు పెద్ద తేడా ఉండదు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి వేగం ఎక్కువే కానీ ఒక స్లాబ్ దాటేసరికే నీరసపడిపోతుంది. 2.4 ఇంకాస్త దూరం పోతుంది, కాకపోతే పక్కిళ్ల వైఫైలన్నీ అక్కడే గుంపుగా ఉంటాయి. అందుకే జీ ప్లస్ టూ ఇంటికి ఒక్క ఖరీదైన రూటర్ కన్నా, అంతస్తుకొకటి చొప్పున మామూలు వైఫై 6 మెష్ సెట్ (ఒకే నెట్‌వర్క్‌లా కలిసి పనిచేసే రూటర్లు) నయం.

వీలైతే ఆ మెష్ యూనిట్ల మధ్య క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. గాల్లోనే కలిపితే వాటి మధ్య కబుర్లకే వేగంలో చాలా భాగం పోతుంది. మేడ మీంచి కేబుల్ టీవీ వైరు దిగిన పైపు ఉంటే గోడలు పగలగొట్టే పని కూడా లేదు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వేయనివ్వకండి, ఎలక్ట్రీషియన్ ‘ఏం కాదు సార్’ అన్నా సరే.

డబ్బా మీద ఏఎక్స్1500 అని ఉంటే అది 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్లు రెండూ కలిపి వేసిన లెక్క, మీ ఫోన్‌కి వచ్చే వేగం కాదు. వెనక పోర్టులు గిగాబిట్‌వేనా (అంటే 1000 ఎంబీపీఎస్) అని అడగండి. 100 ఎంబీపీఎస్ పోర్టులైతే 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా వచ్చేది వందలోపే.

ఫైబర్ వాళ్లిచ్చిన మోడెమ్‌లో వైఫై ఉంటే ఆ వైఫై ఆపేసి, పాత పేరు, పాస్‌వర్డే కొత్తదానికి పెట్టండి. టీవీలు, సీసీ కెమెరాలు చాలావరకు వాటంతట అవే కనెక్టవుతాయి.